పడవలో సగం వాటా

నేను మలయాళం నేర్చుకున్నది సాహిత్యం మీద ప్రేమతో కాదు, అనుమానంతో. నర్సింగ్ ట్రైనింగ్‌లో నా గదిలో మిగతా ముగ్గురూ మలయాళీలు. రోజూ సాయంత్రం మంచాల మీద కూర్చుని ఏదో చెప్పుకుని పగలబడి నవ్వేవారు. నా గురించే అనుకున్నాను. ఏడాదిపాటు చెవులు రిక్కించి, ఒక్కో మాటా పట్టుకుని, ఆ భాష నేర్చుకున్నాను. తీరా అర్థమయ్యాక వింటే వాళ్ళు మాట్లాడుకుంటున్నది చేపల గురించి. మెస్‌లో చేప ఎంత అన్యాయంగా ఉంది, వాళ్ళ ఊళ్ళో చేప ఎంత రుచిగా ఉంటుంది, ఇదే గోల. నన్ను ఒక్క మాట కూడా అనుకోవడం లేదు. అంత కష్టపడినందుకు కనీసం నాలుగు మాటలైనా అనుకోరా అని నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

తండాలో పుట్టినదాన్ని. ఇంట్లో మా యాడితో, అంటే అమ్మతో, ఒక భాష, బడిలో పంతులుతో ఇంకో భాష, సంతలో దుకాణాల దగ్గర మరొకటి. అందుకని ఇంకో భాష నెత్తికెత్తుకోవడం నాకు బరువనిపించలేదు. మాట్లాడటం నేనే నేర్చుకున్నా, చదవడం మాత్రం ఆ ముగ్గురిలో ఒకామె నేర్పింది. ఆమె ట్రంకుపెట్టెలో బట్టలకంటే నవలలే ఎక్కువ. అన్నీ ఒకే రచయితవి.

ఆయన పేరు రాయను. కేరళలో ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. పేరు రాస్తే మా పెద్దాయన మీద వేళాకోళమా అని ఆ ట్రంకుపెట్టె స్నేహితురాలే ముందు ఫోన్ చేస్తుంది. పెద్దాయన అనే అందాం. నది దాటించే పడవవాళ్ళ ఇంట్లో పుట్టి, బడిపంతులై, తన రేవు జనం మాట్లాడుకునే మాటల్లోనే కథలు రాసి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఎంత పేరుందో అంత కోపం. ఆయన నవల ఒకదాని ముగింపు మార్చి సినిమా తీస్తానన్న ఒకాయన్ని గేటు దాకా తరిమాడట. మర్యాదగా అదే మాట అడిగిన హిందీ అనువాదకుడు ఆ తర్వాత రాసిన ఉత్తరాలన్నీ విప్పకుండానే తిప్పి పంపాడట.

ఆయన పనిచేసే పద్ధతి ఇంకా విచిత్రం. ఏది రాసినా ముందు రేవు దగ్గర టీకొట్టుకు తీసుకెళ్ళి, అక్షరం రానివాళ్ళను కూర్చోబెట్టి చదివేవాడు. ఎవరైనా లేచి వెళ్ళిపోతే వాళ్ళు లేచిన పేజీని అక్కడికక్కడే కొట్టేసేవాడు. గొప్ప గొప్ప విమర్శకులు పొగిడినా వినేవాడు కాదు గానీ, మూటలు మోసేవాడు మధ్యలో లేచి బీడీ ముట్టించుకుంటే మాత్రం కలం తీసేవాడు.

నాకు నచ్చినదీ ఆ నవలే. అందులో ఇద్దరు అన్నదమ్ములు, ఒక పడవ. తండ్రి పోయాక పడవ అన్న చేతికి వస్తుంది. తమ్ముడు సగం వాటా అడుగుతాడు. పుస్తకమంతా అదే తగువు. చివరికి తల్లి కన్నీళ్ళు చూసి తమ్ముడు తెడ్డును అన్న కాళ్ళ దగ్గర పెట్టి, నాకేమీ వద్దు, మనం ఒక్కటిగా ఉంటే చాలు అని ఒడ్డెక్కి వెళ్ళిపోతాడు. ఆ పేజీ దగ్గర మా గదిలో ముగ్గురూ ప్రతిసారీ ఏడ్చేవారు. వాళ్ళను చూసి నేనూ ఏడ్చాను.

మహబూబాబాద్ ప్రభుత్వ దవాఖానలో ఉద్యోగం వచ్చాక ఆ నవలను తెలుగులోకి దించడం మొదలుపెట్టాను. పనికిరాని కేస్ షీట్ల వెనకవైపు, డ్యూటీకీ డ్యూటీకీ మధ్య, ఆరేళ్ళు రాశాను. మా ఇంట్లో దాన్ని పిచ్చి అన్నారు. వాళ్ళనేదాంట్లో తప్పేమీ లేదు. అయినా నా జీవితంలో ఎవరూ చెప్పకుండా, ఎవరూ జీతమివ్వకుండా నేను చేసిన పని అదొక్కటే. అది పుస్తకం కాకపోతే నేను తట్టుకోలేనని నాకు తెలుసు. పుస్తకం కావాలంటే పెద్దాయన అనుమతి కావాలి. భయపడుతూ ఉత్తరం రాశాను.

జవాబు కార్డు మీద వచ్చింది. "అనువాదం పంపవద్దు. నాకు తెలుగు రాదు. మూడు ఊళ్ళలో, పుస్తకాలు చదవని మనుషుల ముందు కూర్చుని మొత్తం చదవండి. ఎక్కడ ఎవరు లేచిపోయారో పేజీ నంబరుతో రాయండి. అది చూసి చెబుతాను. అబద్ధం రాస్తే నాకు తెలిసిపోతుంది."

కార్డు రెండుసార్లు చదివాను. పొద్దున లేస్తే పొలం, పొద్దుగూకితే పొయ్యి. మా వైపు జనాన్ని పనులు మాన్పించి నవల వినిపించడం ఎవరి తరం? పైగా మూడు ఊళ్ళలో.

అప్పుడు ఉద్యమం నన్ను ఆదుకుంది. తెలంగాణ కోసం ఊరూరా రిలే నిరాహార దీక్షా శిబిరాలు లేచాయి. పొద్దున పదింటికి పదిమంది పూలదండలు వేసుకుని టెంటు కింద కూర్చుంటారు. సాయంత్రం అయిదింటికి నిమ్మరసం తాగి లేస్తారు. మర్నాడు ఇంకో పదిమంది. చుట్టూ మద్దతుకు వచ్చినవాళ్ళు యాభై మంది. పొద్దున పాటలు, ఉపన్యాసాలు అయిపోయాక మధ్యాహ్నమంతా చేయడానికి ఏమీ ఉండదు. దీక్షలో ఉన్నవాళ్ళకు బీపీ చూడటం నా పని. చేతికి పట్టీ కట్టించుకున్న మనిషి కదలకూడదు కదా. ఇంతకంటే మంచి శ్రోతలు పెద్దాయన టీకొట్టులో కూడా దొరికి ఉండరు.

మొదట జనగామలో చదివాను. మా అక్క ఇల్లు అక్కడే. సెలవు పెట్టుకుని వెళ్ళి మూడు మధ్యాహ్నాల్లో పుస్తకం పూర్తిచేశాను. శిబిరంలో మగ్గాలవాళ్ళు, కూరగాయలవాళ్ళు, తరిగొప్పుల నుంచి వచ్చిన రైతులు ఉన్నారు. ఒక ముసలి దర్జీ ఆయన రోజూ ముందు వరసలో కూర్చునేవాడు. నవల రెండో అధ్యాయంలో వాన పడుతుంది. పదకొండు పేజీలు పడుతుంది. అయిదో పేజీకి ఒక రైతు లేచి నిలబడ్డాడు.

"ఇంకెన్నొద్దులు పడ్తదమ్మా గా వాన? మాకు మబ్బు కూడ కానొస్తలేదు. ఇనుడు నాతోని కాదు" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెనకే మరో నలుగురు. నేను బుద్ధిగా పేజీ నంబరు రాసుకున్నాను.

చివరి పేజీ చదివి, ఏడుపు వినిపిస్తుందేమోనని తల ఎత్తాను. అందరూ నన్నే గుర్రుగా చూస్తున్నారు. దర్జీ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని అడిగాడు: "సిస్టర్, మరి ఇన్సాఫ్ ఏది?"

"ఇంతే అన్నా. అయిపోయింది" అన్నాను.

"అయిపోవుడేంది? వాటా అడిగినోడు ఉత్తచేతులతోని పోయిండు. ఉంచుకున్నోడు ఉంచుకున్నడు. గిదేం కిస్సా?"

పక్కనున్న రైతు అందుకున్నాడు. "పడవను కొయ్యరాదంటే కొయ్యకుండ్రి. మా బాయి మీద నలుగురం పాలోళ్ళం. వంతులేసుకోని నీళ్ళు పారిచ్చుకుంటలేమా? రెండొద్దులు అన్న, రెండొద్దులు తమ్ముడు. గింతదానికి అంత లావు బుక్కు ఎందుకమ్మా?"

అది వాళ్ళ సొంత అభిప్రాయం అనుకుని ఊరుకున్నాను.

తర్వాత భూపాలపల్లి. మా అన్న బొగ్గుబావిలో పనిచేస్తాడు. అక్కడి శిబిరంలో అందరూ కార్మికులే, టేకుమట్ల వైపు నుంచి వచ్చిన కొందరు రైతులు తప్ప. నేను మొదటి పేజీ చదువుతుండగానే ముందు వరస మొత్తం నిద్రపోయింది. అవమానంతో ఆపేశాను. వెంటనే ఒకాయన కళ్ళు తెరిచి, "సదువు అక్కా, నువ్వు ఆపితె మెలకువొస్తున్నది" అన్నాడు. నిద్రపోయినవాళ్ళు లేచి వెళ్ళినట్టా, వెళ్ళనట్టా అన్నది పెద్దాయన కార్డులో లేదు. "నిద్ర, నలభై పేజీలు" అని విడిగా రాసుకున్నాను. చివరి పేజీకి మాత్రం అందరూ లేచే ఉన్నారు.

"గా తమ్మునికి యూనియన్ లేదా?" అని అడిగారు. "షిఫ్టులు వేస్తే సరిపోయేది. పొద్దటి షిఫ్టు అన్నకు, పగటి షిఫ్టు తమ్మునికి. రాత్రికి పడవకు రెస్టు."

ఇక మహబూబాబాద్. మేము మానుకోట అంటాం. ఇక్కడ రోజూ ఉండేదాన్నే కాబట్టి దినానికొక అధ్యాయం చదివాను. నెల్లికుదురు వైపు నుంచి ఒక అవ్వ రోజూ వచ్చేది. ఇంట్లో గిన్నెడు గటక తాగి, తాపీగా బస్సు దిగి, నిరాహార దీక్షకు పేరు రాయించుకునేది. పేరు లేని రోజున కూడా దండ అడిగి వేయించుకునేది. బీపీ చూస్తుంటే కళ్ళు మూసుకుని కథ వినేది. చేపల కూర వండే అధ్యాయం నేను మధ్యాహ్నం రెండింటికి చదివాను. అది నా బుద్ధితక్కువ. దీక్షలో ఉన్న ఇద్దరు లేచి ఎటో వెళ్ళి, అరగంట తర్వాత మూతులు తుడుచుకుంటూ వచ్చారు. అవ్వ కళ్ళు తెరవకుండానే, "చింతపండు ఎయ్యకుంట చేపలేందే, ఆళ్ళ మొకం" అంది.

చివరి అధ్యాయం రోజున జనం ఎక్కువగా వచ్చారు. తమ్ముడు తెడ్డు దించేశాడు, ఒడ్డెక్కాడు, వెళ్ళిపోయాడు. నేను కాగితాలు మూశాను. అవ్వ దండ తీసి పక్కన పెట్టి లేచి నిలబడింది.

"గట్లెట్ల పోతడు? కన్నతల్లి ఏడిస్తే వాటా ఇడుస్తడా? గా తల్లి పెద్దోని దిక్కు చూసి ఎందుకు ఏడ్వలేదు? ఇచ్చెయ్యి కొడుకా అని ఆనికెందుకు చెప్పలేదు?"

శిబిరం భగ్గుమంది. కలిసి ఉందాం అనే మాట వాళ్ళు అప్పటికే ఎన్ని రకాలుగా విన్నారో నేను మరిచిపోయాను. పెద్దాయన నలభై ఏళ్ళ కింద రాసిన అన్నదమ్ముల మాటలు మా టెంటు కింద వేరే మనుషుల మాటల్లా వినిపించాయి. ఎవరో అన్న డౌన్ డౌన్ అన్నారు. ఇంకెవరో పడవ మాది అన్నారు. శిబిరం కన్వీనర్ రిటైరైన తెలుగు సారు. రోజూ ఏదో ఒకదాని మీద తీర్మానం రాయడం ఆయనకు అలవాటు. చేయి ఎత్తి అందర్నీ కూర్చోబెట్టి కాగితం తీశాడు.

జనగామలో, భూపాలపల్లిలో కూడా ఇదే అన్నారు సార్ అని నోరు జారాను. అంతే. ఆ రెండు శిబిరాల నుంచీ మద్దతు తీర్మానాలు తెప్పించాడు. వారం తిరిగేసరికి నా చేతిలో ఇది పడింది:

"పై మూడు శిబిరాలు ఏకగ్రీవంగా తీర్మానించడమేమనగా, పడవలో తమ్మునికి సగం వాటా తక్షణమే, బేషరతుగా ఇవ్వాలి. తల్లి కన్నీళ్ళను సాకుగా చూపి వాటాను ఎగవేయడాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాము. వంతులు గానీ షిఫ్టులు గానీ తమ్మునికి సమ్మతమైన పద్ధతిలో వేయాలి. న్యాయం జరిగే వరకు పోరాటం ఆగదని రచయిత గారిని హెచ్చరిస్తున్నాము."

కింద మూడు పేజీల సంతకాలు, వేలిముద్రలు. వేలిముద్రల కోసం సిరా మెత్త దవాఖాన నుంచి నేనే తెచ్చాను. అవ్వ వేలిముద్ర మొదటిది. గట్టిగా అదిమింది కాబట్టి కాగితం వెనక్కి కూడా దిగింది.

నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. అప్పటికి ఆమె కేరళలో ఉంటోంది. మొత్తం విని, "పంపకు. చివరి పేజీ మాట ఎత్తినవాణ్ణి ఆయన ఇంతవరకు వదల్లేదు. నీ ఆరేళ్ళు పోతాయి" అంది.

నాకు ధైర్యం చాలలేదు. వాన, చేపలు, నిద్ర ఇవి మాత్రం రాసి ఒక నివేదిక తయారుచేశాను. చివరి పేజీ దగ్గర జనం చలించారు అని రాశాను. అందులో అబద్ధం ఎక్కడుంది? తీర్మానాన్ని ఇంజెక్షన్ల బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ నివేదిక కూడా పోస్టు చేయలేక సంచిలో వేసుకుని తిరిగాను.

మర్నాడు బీపీ పట్టీ కడుతుంటే అవ్వ అడిగింది, "పంపినవా బిడ్డా మన కాయితం?"

"పంపిన అవ్వా" అన్నాను.

తర్వాతి రోజు, "అందిందా?" అంది. ఆ తర్వాతి రోజు, "ఏమన్నడు?" అంది. ఇట్లా పది రోజులు. పదకొండో రోజున అవ్వే నాకు ధైర్యం చెప్పింది. "పరేషాన్ గాకు బిడ్డా. మనం ఎన్ని కాయితాలు పంపినం, ఎవ్వలన్న జవాబిచ్చిండ్రా? ఇదీ గంతే. ఎవడో బీరువల పెట్టి తాళమేసుంటడు."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆమె బీపీ మామూలుగానే ఉంది, నాది చూసుకుంటే ఎంతుండేదో. సిగ్గుతో నేరుగా దవాఖానకు వెళ్ళి, బీరువా తెరిచి, తీర్మానాన్ని మలయాళంలోకి మార్చి, సంచిలోని నివేదికతో, వేలిముద్రల పేజీలతో సహా రిజిస్టర్ పోస్టులో పంపేశాను. వచ్చేటప్పుడు దారిలో ఏడ్చాను. నా ఆరేళ్ళకు నేనే నీళ్ళు వదిలేశాననుకున్నాను.

నెల దాటాక ఉత్తరం వచ్చింది. శిబిరంలోనే విప్పాను. మలయాళం చూస్తూ తెలుగులో పైకి చదివాను.

"మీ నివేదిక అందింది. వాన దగ్గర మా ఊరివాళ్ళు కూడా లేచారు. నేనే మొండికేసి ఉంచాను. మీరు నాలుగు పేజీలకు కుదించుకోండి. చేపల కూర ముట్టుకోవద్దు. ఆకలిగా ఉన్నవాడు లేచాడంటే అది బాగా కుదిరినట్టే.

"ఇక తీర్మానం. ఆ చివరి పేజీ మొదటిసారి టీకొట్టులో చదివినప్పుడు అందరూ ఏడ్చారు. ఒక్కడే లేచి వెళ్ళిపోయాడు. వాడు నా తమ్ముడు. నా పద్ధతి ప్రకారం ఆ పేజీ కొట్టేయాలి. కొట్టలేదు. తమ్ముడు తెడ్డు దించలేదు, నేనే వాడి చేతిలోంచి లాక్కున్నాను. వాడే దించినట్టు రాసుకుని పేరు తెచ్చుకున్నాను. తర్వాత ఎవరు ఆ పేజీ మాట ఎత్తినా నాకు కోపం ఎందుకు వచ్చేదో మీకు అర్థమై ఉంటుంది.

"మీ తీర్మానం వాడికి చదివి వినిపించాను. షిఫ్టుల దగ్గర నవ్వాడు. మళ్ళీ చదవమన్నాడు. వేలిముద్రలన్నీ ఒక్కొక్కటే తడిమి చూశాడు. మానుకోట ఎక్కడుందని అడిగాడు. నేను ముగింపు మార్చను. ఆ అబద్ధం నాది, నా పేరు మీదే ఉండాలి. దాని కింద మీ తీర్మానం సంతకాలతో సహా అచ్చువేసే పద్ధతైతేనే మీకు అనుమతి. మా నదికి ఇప్పుడు వంతెన వచ్చింది. పడవ మా వరండాలో ఉంది. వచ్చినవాళ్ళు నన్ను దాని పక్కన నిలబెట్టి ఫోటోలు తీసుకుంటారు."

అనుమతి వచ్చింది. సారు కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఎవరో చప్పట్లు కొట్టబోయారు.

"ఆగుండ్రి" అంది అవ్వ. "పడవ ఇంక ఆని వరండలనే ఉన్నదా?"

ఉత్తరం మళ్ళీ చూశాను. "ఆ, వరండాలోనే ఉందని రాశాడు అవ్వా."

"మరి ఇచ్చిండా?"

"తప్పు ఒప్పుకున్నాడు కదా అవ్వా. ఇంత పెద్ద మనిషి..."

"ఒప్పుకునుడు మంచిదే. నేను అడిగేది గది కాదు. పడవ ఇచ్చిండా?"

అనుమతి నా చేతిలో ఉంది. ఊరుకుంటే పుస్తకం వచ్చేస్తుంది. అంత కోపిష్టి మనిషిని ఇంకోసారి కెలికితే ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకుంటాడు. అవ్వ నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది. ఆమెకు రెండోసారి అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. అక్కడే కార్డు తెప్పించి ఒకే వాక్యం రాశాను. పడవ ఇచ్చారా అని మా అవ్వ అడుగుతోంది.

ఈసారి జవాబు పెద్దాయన చేతిరాతలో లేదు. పెన్సిలుతో, చిన్నపిల్లలు రాసినట్టు వంకరటింకర అక్షరాలు. ఆ రోజు అవ్వ శిబిరానికి రాలేదు. బస్సెక్కి వాళ్ళ ఊరికి వెళ్ళాను. వాకిట్లో మిరపకాయలు తొడిమలు తీస్తోంది. పక్కన కూర్చుని చదివాను.

"నేను తమ్ముణ్ణి. అన్న పడవ ఇచ్చాడు. సగం కాదు, మొత్తం. ఇప్పుడు నాకు తెడ్డు లేవదు. అడుగున నీళ్ళు కూడా వస్తున్నాయి. అయినా రోజూ పొద్దున దాన్ని ఒడ్డు పక్కన నీళ్ళలోకి తోయించుకుని అందులో కూర్చుంటున్నాను. అన్న వచ్చి ఒడ్డున నిలబడి, నన్ను కూడా ఎక్కించుకోరా అంటున్నాడు. నేనింకా ఏమీ చెప్పలేదు. మీ అవ్వను అడిగి చెప్పండి."

అవ్వ చేతిలో మిరపకాయ అట్లాగే ఉండిపోయింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మిరప ఘాటు తగిలి ఇంకా నీళ్ళు వచ్చాయి. కాసేపటికి సర్దుకుని, గంభీరంగా ఆలోచించింది.

"ఎక్కిచ్చుకొమ్మని రాయి బిడ్డా" అంది. "గనీ గిప్పుడే కాదు. జర నాలుగొద్దులు ఒడ్డు మీదనే నిలవడనియ్యి."